మాత్రల డబ్బీ ఎవరి చేతిలో ఉండాలి?

ప్రశ్న: మాది గాజువాక. మా వారు స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. మా అమ్మాయికి వచ్చే నెల 18 ఏళ్లు నిండుతాయి. ఇంటర్ ఎంపీసీ రెండేళ్లూ మధురవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఉండి చదివింది. రెండో సంవత్సరం డిసెంబరులో ఒక రాత్రి గుండె దడ, ఊపిరి అందకపోవడం, చేతులు చల్లబడడం వచ్చి, చచ్చిపోతానేమోనని ఏడ్చింది. రెండుసార్లు ఈసీజీ తీయించాం, గుండెకు ఏమీ లేదన్నారు. తరువాత మానసిక వైద్యుడు చూసి పానిక్ ఎటాక్ అని చెప్పి మందులు, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. మార్చి నుంచి మళ్లీ రాలేదు. ప్రతి రాత్రీ నేనే మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా పక్కన నిలబడతాను. ఇప్పుడు చెన్నై దగ్గర ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఆగస్టులో తరగతులు. మా వారు, "బాగానే ఉంది కదా, కొత్త చోటికి పాత జబ్బు ఎందుకు, మాత్రలు ఆపేద్దాం, అక్కడ ఎవరికీ చెప్పొద్దు, రేపు సంబంధాలు చూడాలి" అంటున్నారు. నాకేమో అక్కడే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని దానితో ఉండిపోవాలని ఉంది. లేదంటే విశాఖలోనే చేర్పించమంటారా? హాస్టల్లో ఉంచితే రోజుకు ఎన్నిసార్లు ఫోన్ చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలానే ఉన్నాయి గాని, నన్ను ఆపింది ప్రశ్న కాని ఒక వాక్యం. ప్రతి రాత్రీ మాత్ర మీరే చేతిలో పెట్టి, మింగేదాకా పక్కన నిలబడతానని రాశారు. అది తప్పని అనడం లేదు. డిసెంబరు నాటి ఆ రాత్రిని మరిచిపోలేని తల్లి నిలబడకుండా ఎలా ఉంటుంది? అయితే ఆగస్టులో మీ అమ్మాయి చెన్నైలో రైలు దిగేనాటికి ఆ మాత్ర ఎవరి బాధ్యతగా ఉంటుందన్నదే అసలు సంగతి. మీరు అడిగిన మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

నా గురించి ఒక మాట చెప్పి మొదలుపెడతాను. ఈ ఊళ్లోనే ఒక కళాశాలలో పాఠాలు చెబుతూ పదకొండేళ్లు ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా కూడా పనిచేశాను. వైద్యురాలిని కాను. మందుల విషయంలో మీ డాక్టరు మాటే చివరి మాట. హాస్టల్లో అడుగుపెట్టిన మొదటి నెలల్లో పిల్లలు ఎక్కడ తడబడతారో మాత్రం నాకు బాగా తెలుసు.

బంధువులందరూ మీతో ఈపాటికే అని ఉంటారు: "రెండేళ్లు హాస్టల్లోనే ఉంది కదా, దానికేం కొత్త?" ఈ మాటను నమ్మకండి. ఇంటర్ రెసిడెన్షియల్ వేరు, ఇంజనీరింగ్ హాస్టల్ వేరు. మొదటిదాంట్లో తెల్లవారుజామున గంట కొడితే లేవడం, గంట కొడితే స్నానం, గంట కొడితే స్టడీ అవర్, వారాంతపు పరీక్ష, ఆ మార్కులను బట్టి సెక్షను, రాత్రి లైట్లు ఆర్పే వేళకు నిద్ర. ఆ రెండేళ్లలో ఏ గంటకు ఏం చేయాలో పిల్ల తనంతట తాను నిర్ణయించుకున్న సందర్భం ఒక్కటైనా ఉండి ఉండదు. ఇంజనీరింగ్‌లో లేపేవారు ఉండరు, తరగతి ఎగ్గొడితే ఆ రోజే అడిగేవారు ఉండరు. హాజరు 75 శాతం కన్నా తగ్గిందని సెమిస్టరు చివర నోటీసు బోర్డులో చూసుకునేదాకా ఏం జరిగిందో కొందరికి తెలియనే తెలియదు. నా హాస్టల్లో మొదటి నెల ఎక్కువగా కుదేలైనవాళ్లు పల్లెటూళ్ల నుంచి తొలిసారి వచ్చిన పిల్లలు కారు. రెండేళ్లు గంటల మధ్య పెరిగిన మంచి ర్యాంకు పిల్లలే. ఒకమ్మాయి జూలై నెలంతా ఉదయం మెస్సు దగ్గర ఖాళీ పళ్లెం పట్టుకుని తలుపు పక్కనే నిలబడేది. ఎక్కడ కూర్చోవాలో చెప్పేవారి కోసం చూసేదని నాకు చాలా రోజులకు గాని అర్థం కాలేదు.

ఇప్పుడు మీ వారి మాటకు వస్తాను. ఆయనను మొండివారని అనుకోకండి. కూతురి పేరు పక్కన జబ్బు అనే మాట చూడలేని తండ్రి అలాగే మాట్లాడతారు. కానీ ఇప్పుడు మాత్రలు ఆపడం మాత్రం కూడదు. ఇటువంటి ఆందోళనకు రోజూ వేసుకునే మందును, మనిషి కుదుటపడిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు, చాలామందిలో ఏడాది దాకా కొనసాగించడం వైద్యులు మామూలుగా చేసే పని. ఆపవలసి వచ్చినా ఒక్కసారిగా కాక మెల్లగా మోతాదు తగ్గిస్తూ వస్తారు. మార్చిలో కుదుటపడిన పిల్లకు ఆగస్టు నాటికి అయిదు నెలలే. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. ఈ రకం మాత్రలు హఠాత్తుగా ఆపితే కొందరికి తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఒంట్లో కరెంటు తగిలినట్టు జివ్వుమనడం కొన్ని రోజుల పాటు ఉంటాయి. అవి సరిగ్గా కొత్త గదిలో, తెలియని భాష మధ్య, మొదటి వారంలో వస్తే, పిల్ల దాన్ని మందు ఆపిన ప్రభావమని కాక "మళ్లీ మొదలైంది" అనుకుంటుంది. ఆ అనుకోవడమే అసలు దడను లేపుతుంది. ఊరు మారడం, మందు మానడం ఒకే నెలలో పెట్టుకోకండి. మీ వారిని వచ్చేసారి డాక్టరు దగ్గరకు వెంట తీసుకువెళ్లండి. బి షిఫ్టు వారంలో పొద్దున్న ఆయనకు ఎలాగూ ఖాళీ ఉంటుంది. మీరు పది రోజులు చెప్పినా వినని మాట అక్కడ పది నిమిషాల్లో వింటారు.

ఆ అపాయింటుమెంటులో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. లెటర్‌హెడ్ మీద జబ్బు వివరం, ఇప్పటిదాకా వాడిన మందులు, మోతాదు ఒక పేజీలో రాయించుకోండి. మందుకు కంపెనీ పెట్టిన పేరుతో పాటు దాని అసలు రసాయన పేరు కూడా ఉండాలి, ఎందుకంటే ఇక్కడ దొరికే కంపెనీ అక్కడి మందుల షాపులో ఉండకపోవచ్చు, ఆ పేరుంటే వేరే కంపెనీదైనా అదే మందు ఇస్తారు. ఇక్కడి డాక్టరు రాసిన చీటీ తమిళనాడులోనూ చెల్లుతుంది. ఒక రోజు మాత్ర మరిచిపోతే ఏం చేయాలో అడగండి, ఇది ప్రతి హాస్టల్ పిల్లకూ జరిగేదే. 2020 మార్చిలో కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల తరువాత, ఇదివరకు చూసిన రోగిని వీడియో ద్వారా మళ్లీ చూడడం డాక్టర్లకు మామూలైపోయింది. అందుకని సెప్టెంబరులో ఒక వీడియో అపాయింటుమెంటుకు ఇప్పుడే తేదీ తీసుకోండి. అక్కడే మరో డాక్టరుకు అప్పగించాలా వద్దా అన్నది ఆయనే చెబుతారు. చివరిగా, ఆ గదిలో మొదటి పది నిమిషాలు అమ్మాయిని ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీరిద్దరూ బయట బెంచీ మీద కూర్చోండి.

ఎందుకంటే వచ్చే నెల నుంచి ఆమె చట్టం దృష్టిలో పెద్దది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఆమెది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలు మినహా, ఆమె ఒప్పుకోకుండా డాక్టరు మీకు కూడా చెప్పనవసరం లేదు. ఇది విని కంగారు పడకండి. అదే చట్టం 18 నిండిన వ్యక్తికి తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, చికిత్స విషయాల్లో తనకు నచ్చినవారిని ప్రతినిధిగా నియమించుకునే వీలు కూడా ఇచ్చింది. పుట్టినరోజు అయిపోయాక మీ పేరో, వాళ్ల నాన్నగారి పేరో రాయమని అడగండి. అడగండి అన్నాను, రాయించండి అనలేదు. ఆమె పిన్ని పేరు రాస్తే దానికీ ఒప్పుకోవాలి.

సంబంధాల భయం గురించి ఎక్కువ రాయను. మా చిన్నప్పుడు ఈ ఊళ్లో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే చిన వాల్తేరు పేరెత్తి ఎగతాళి చేసేవారు. అక్కడి ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో మనలాంటి ఇళ్ల పిల్లలు ఓపీ చీటీ పట్టుకుని కూర్చుని ఉండగా నేనే ఎన్నోసార్లు చూశాను, వాళ్లలో నేను వెంట తీసుకువెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఉద్యోగాలూ వచ్చాయి, పెళ్లిళ్లూ అయ్యాయి. అందరికీ చెప్పమని నేను అనను. బంధువుల వాట్సాప్ గ్రూపుకు ఈ విషయంతో పని లేదు, డిపార్టుమెంటులో ప్రతి లెక్చరరుకూ తెలియనవసరం లేదు. కళాశాల వైద్య ఫారంలో అడిగితే మాత్రం దాచకండి. రాత్రి పదకొండు గంటలకు దడ వస్తే పక్కన ఉండేది రూమ్మేటు, కాబట్టి ఆ అమ్మాయికైనా తెలిసి ఉండడం మంచిది. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది మీ అమ్మాయి నిర్ణయానికే వదలండి. "నాకు అప్పుడప్పుడు ఆందోళనతో గుండె దడ వస్తుంది, పది నిమిషాల్లో తగ్గుతుంది, పక్కన కూర్చుంటే చాలు" అని చెప్పగలిగితే సరిపోతుంది. అది నిజం కూడా. ఆ దడ సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి తరువాత తగ్గుముఖం పడుతుంది, గుండెకు దానివల్ల హాని లేదు.

హాస్టల్లో దింపడానికి వెళ్లినప్పుడు మంచం, బీరువా చూసుకుని తిరిగి వచ్చేయకండి. కౌన్సెలరు ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు, ఏయే రోజులు ఉంటారు అని అడిగి ఆ గది దాకా నడిచి చూడండి. ఇది అడగడానికి మొహమాటం అక్కర్లేదు. 2023లో మన విశాఖలోనే నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని, టెలీమానస్ వంటి మానసిక సహాయ ఫోను నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలని ఆదేశించింది. ఆ టెలీమానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, ఏ వేళలో చేసినా పలుకుతుంది, డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. హాస్టల్ గోడ మీద ఆ నంబరు ఉందో లేదో చూడండి. ఉన్నా లేకపోయినా అమ్మాయి ఫోనులో ఉండాలి. ర్యాగింగ్ విషయమైతే వేరే నంబరు ఉంది, 1800-180-5522.

ఇక అద్దె ఇల్లు. వద్దు. మీరు అక్కడ ఉంటే పిల్ల హాస్టల్ స్నేహాలకు దూరమవుతుంది, మీరు రోజంతా ఆమె మొహం చూస్తూ కూర్చుంటారు, ఇక్కడ మీ వారు సి షిఫ్టు నుంచి తెల్లవారుజామున వచ్చి ఖాళీ ఇంటి తాళం తీసుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, మీరు రావడమే "నువ్వు ఒంటరిగా ఉండలేవు" అని ఆమెకు చెప్పినట్టవుతుంది. విశాఖలోనే చేర్పించడం మాత్రం చిన్నతనమేమీ కాదు. దడ ఇప్పటికీ వారానికోసారి వస్తున్నా, నిద్ర లేకపోయినా, తినకపోయినా, డాక్టరు ఇప్పుడే దూరం పంపవద్దన్నా, చెన్నై సీటు వదులుకోండని నేనే రాసేదాన్ని. మీరు రాసినదాన్ని బట్టి అటువంటివేమీ లేవు. అయితే వెళ్లాలో వద్దో అమ్మాయి ఏమంటోందో మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. ముందు ఆ మాట అడగండి. మీ వారి ముందు ఒకసారి, మీరిద్దరే ఉన్నప్పుడు ఒకసారి అడగండి, జవాబులు వేరుగా ఉండవచ్చు.

వెళ్తానంటే, మిగిలిన వారాలను ఆవకాయ సీసాలు, మాడుగుల హల్వా, దుప్పట్లు సర్దడంలో ఖర్చు చేయకండి. అవి చివరి రెండు రోజుల పని. రేపటి నుంచే మాత్రల డబ్బీ ఆమె బల్ల మీదకు వెళ్లాలి. ఫోనులో అలారం ఆమే పెట్టుకోవాలి, వేసుకున్నదీ లేనిదీ క్యాలెండరులో టిక్కు ఆమే పెట్టుకోవాలి. మీరు రాత్రి గడప దగ్గర నిలబడవద్దు. మొదటి వారంలో ఒకటి రెండు రోజులు మరిచిపోతుంది. ఇక్కడ మీ ఇంట్లో, డాక్టరు ఊళ్లోనే ఉండగా మరిచిపోవడం చెన్నైలో మరిచిపోవడం కన్నా ఎంతో నయం. అలాగే ఉదయం ఎవరూ లేపకుండా లేవడం. పదిహేను రోజులు ఆమె పదింటికి లేచినా నోరు మెదపకండి, తానే ఒక వేళకు వస్తుంది. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకు ఒక్కతే బస్సులో వెళ్లి, ద్వారకానగర్లో బ్యాంకు పని చూసుకుని, మందుల షాపులో చీటీ చూపించి నెల మాత్రలు కొనుక్కుని రానివ్వండి. దారిలో కాస్త దడ వస్తే కూడా రానివ్వండి. బస్సులో దడ వచ్చి, మెల్లగా ఊపిరి వదులుతూ కూర్చుని, దిగవలసిన చోటే దిగి ఇంటికి వచ్చిన పిల్లకు కలిగే ధైర్యం మీరు నేను చెబితే వచ్చేది కాదు. ఆ మూడు గంటలూ మీరు ఫోన్ చేయకూడదు. కష్టం ఆమెకన్నా మీకే ఎక్కువ.

కాఫీ సంగతి మరిచిపోయేదాన్ని. ఇంట్లో పొద్దున్న ఒక్క కప్పు తాగే పిల్లలు చెన్నై ఫిల్టరు కాఫీ రుచి మరిగి, పరీక్షల రాత్రుల్లో అయిదారు కప్పులకు వెళతారు, పైగా ఎనర్జీ డ్రింకులు. దడ వచ్చే స్వభావం ఉన్నవారికి కాఫీ ఎక్కువైనా, నిద్ర తక్కువైనా అదే లక్షణం తిరిగి తొంగిచూస్తుంది. ఇది మీరు చెబితే నీతి అవుతుంది, డాక్టరు చేత చెప్పించండి.

ఫోన్ల గురించి. మా హాస్టల్ వరండాలో సాయంత్రం ఏడు గంటలకు అన్ని ఫోన్లూ ఒకేసారి మోగేవి, అన్ని గొంతులూ ఒకే మాట చెప్పేవి: "తిన్నానమ్మా." ఒకసారి ఆ మాట చెబుతున్న అమ్మాయి పళ్లెం నా కళ్ల ముందే ఉంది, అన్నం మీద పప్పు కలపకుండా ఆరిపోయి ఉంది. ఆమె అబద్ధమాడిందని నాకు అనిపించలేదు. అడిగిన ప్రశ్నకు అమ్మ వినాలనుకున్న జవాబే అది. తిన్నావా, చదివావా, మాత్ర వేసుకున్నావా అన్న మూడు ప్రశ్నలూ హాజరు పిలుపు లాంటివి. జవాబు వస్తుంది గాని మనిషి తెలియదు. రోజుకు ఒక్కసారి, ఆమె చెప్పిన వేళకు మాట్లాడండి. ఆ ఫోను ఆమే చేస్తే ఇంకా మంచిది. ముందు మీ సంగతులు చెప్పండి: కుక్కరు గాస్కెట్ పోయిందని, బీచ్ రోడ్డులో వాన పడిందని, నాన్నగారికి షిఫ్టు మారిందని. "ఇవాళ ఎవరితో కూర్చున్నావు?" అని అడగండి. నెల గడిచినా దానికి ఒక్క పేరు కూడా రాకపోతే, అది మార్కుల కన్నా ముందు చూడవలసిన విషయం. మాత్ర ఊసు వారానికి ఒకసారి, ముందుగా ఒప్పుకున్న రోజున చాలు.

మొదటి మూడు నాలుగు వారాలు ఏడుపు ఉంటుంది. "వచ్చేస్తాను" అంటుంది. ఆ ఒక్క మాటకు రైలెక్కవద్దు. విని, మర్నాడు మళ్లీ మాట్లాడండి, చాలామటుకు దానంతట అదే సర్దుకుంటుంది. భయపడవలసినవి వేరు. పగలంతా పడుకుని తరగతులకు వెళ్లకపోవడం, స్నానం, తిండి మానేయడం, ఫోను ఎత్తకపోవడం, ఎత్తినా గొంతులో ఏ భావమూ లేకపోవడం, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం, "నా వల్ల మీకు అన్నీ ఖర్చులే, నేను లేకపోతే నయం" వంటి మాటలు. అప్పుడు చుట్టూ తిప్పకుండా, "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినవారు దొరికినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అవునన్నా, జవాబు తేలకపోయినా, వార్డెనుకు చెప్పి ఆమెను ఒంటరిగా ఉంచవద్దని అడిగి, 14416కు చేసి, ఆ రాత్రి రైలుకే బయలుదేరండి. చెన్నై మనకు సుమారు 780 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం.

ఒక పని మీ వారికి అప్పగిస్తాను. ఇంటర్లో ముందు వరుసలో ఉన్న పిల్ల, అందరూ ముందు వరుసవాళ్లే ఉన్న తరగతిలో నలభయ్యో స్థానంలో ఉంటుంది. మొదటి సెమిస్టరులో ఒక సబ్జెక్టు పోవచ్చు కూడా. బ్యాక్‌లాగ్ పడితే తరువాత రాసుకోవచ్చునని, అవసరమైతే సెమిస్టరు ఆపి ఇంటికి రావచ్చునని, ఫీజు పోయినా తాను ఏమీ అననని ఆయన నోటితో ఆమెకు ముందే ఒకసారి చెప్పాలి. మీరు చెబితే "అమ్మ అలాగే అంటుంది" అనుకుంటుంది. మాత్రలు ఆపేద్దామన్న నాన్నే ఆ మాట అంటే వేరుగా వింటుంది. పెద్ద సభ అక్కర్లేదు, స్కూటరు మీద ఇద్దరూ కలిసి సామాను కొనడానికి వెళ్లేటప్పుడు చాలు.

సర్దేటప్పుడు మాత్రలు, డాక్టరు రాసిన పేజీ పెట్టె అడుగున పెట్టకండి, మీ హ్యాండ్‌బ్యాగులో అసలే వద్దు. ఆమె భుజానికి తగిలించుకునే సంచిలో పై జేబులో ఉండాలి. రైల్లో అలారం మోగితే మీరు కిటికీ వైపు చూడండి. ఇంకొకటి, దసరాకో దీపావళికో ఇంటికి వస్తుంది కదా, రైల్వే వారు ఇప్పుడు 60 రోజుల ముందే రిజర్వేషను తెరుస్తున్నారు, పండుగ టికెట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఆ తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టి, ఆ టికెట్టు కూడా ఆమెనే తీసుకోమనండి.